ఇంటి మట్టిపని: పలుగు దింపకముందే తేల్చుకొనవలసిన సంగతులు

గ్రామములో ఇల్లు కట్టదలచిన గృహస్థుడు మొట్టమొదట చేయించునది మట్టిపని. పునాది త్రవ్వవలెను. నీటితొట్టికి గుంట కావలెను. మరుగుదొడ్డికి గుంటలు, పెరటిలో ఇంకుడుగుంట, వాడుకనీరు పోవుటకు కాలువ కావలెను. స్థలము పల్లమైనచో మెరక తోలించవలెను. ఇటుక, సిమెంటు, ఇనుము కొనునప్పుడు నాలుగు దుకాణములు తిరిగి బేరమాడు గృహస్థుడే, మట్టిపని వచ్చుసరికి, వీధిలో పోవు యంత్రమును ఆపి, "గంటకు ఎంత?" అని అడిగి, ఆ ఒక్క మాటతో పని అప్పగించుచున్నాడు. దాని ఫలితము కొన్నాళ్ళకు పంచాయతీ అరుగు మీదికి వచ్చును. పొరుగువాని గోడ బీటలు వారినదని ఒకరు, వీధి కుళాయి గొట్టము పగిలినదని ఒకరు, త్రవ్విన మట్టి మురుగుకాలువలో పడినదని మరియొకరు ఫిర్యాదు తెత్తురు. ఒప్పుకొన్న సొమ్మునకు రెట్టింపు అడుగుచున్నారని గృహస్థుడే మొరపెట్టుకొనును. కనుక ఇది ఒక ఇంటివారి సొంత వ్యవహారముగా కనబడినను, పంచాయతీ సభ్యులు దీని వివరములు తెలిసికొని యుండుట అవసరము.

మట్టిపనిలో వచ్చు నష్టములలో పెక్కింటిని ఒక పూట శ్రమతో తప్పించుకొనవచ్చును. పని మొదలిడుటకు ముందే గృహస్థుడును, గుత్తదారుడును కూర్చుండి కొలత, హద్దు, బాధ్యత అను మూడు విషయములను కాగితముపై వ్రాసికొన్నచో చాలును. ఈ మూడింటిని గూర్చియే మేమిచ్చట వివరింపదలచినాము.

కొలత పోయి గంట వచ్చుట

పూర్వము మన పల్లెలలో చెరువులు, కాలువలు, బావులు త్రవ్వినవారు వడ్డెరలు, ఉప్పరులు. గునపము, పార, తట్ట వారి పనిముట్లు. వారి కూలి కొలతపై నడచెడిది. విశాలమైన గుంట త్రవ్వునప్పుడు నడుమ నడుమ చిన్న మట్టి దిమ్మెలను త్రవ్వక విడుచుట పాత పద్ధతి. ఆ దిమ్మె తలభాగము నేల యొక్క మొదటి మట్టమును చూపును. దిమ్మె పక్కన కొలబద్ద నిలిపినచో లోతెంతయో తెలియును. పొడవు, వెడల్పు, లోతు హెచ్చవేసి ఘనపుటడుగుల లెక్కన కూలి ముట్టజెప్పుదురు. దిమ్మె నిలిచియున్నంతవరకు లోతు విషయమున వాదమునకు తావులేదు.

నేడు ఆ పనిలో అధికభాగము యంత్రము చేయుచున్నది. మనము జేసీబీ అని పిలుచునది నిజమునకు ఒక కంపెనీ పేరు. 1945లో ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ స్థాపించిన సంస్థకు ఆయన పేరులోని తొలి అక్షరములే పేరైనవి. 1979లో ఆ సంస్థ మన దేశమునకు వచ్చినది. పొక్లెయిన్ అనునది కూడ ఫ్రాన్సు దేశపు ఒక కంపెనీ పేరే. ఇప్పుడు ఎవరు తయారుచేసిన యంత్రమునైనను ఈ పేర్లతోనే పిలుచుట వాడుకయైనది. ముందు వెడల్పాటి తొట్టియు, వెనుక త్రవ్వెడి చేయియు కలిగి రబ్బరు చక్రములపై నడచునది మొదటిది. ఇనుప పట్టాలపై నడచుచు, పైభాగము చుట్టును తిరుగగలది రెండవది. ఇంటి పనులకు సాధారణముగా మొదటిది చాలును. పెద్ద బావి, చెరువు పూడిక, గట్టి మొరము నేల వంటి వానికి రెండవది కావలసియుండును. యంత్రము దూరజాలని ఇరుకు సందులలోను, పాత గోడల పక్కను నేటికిని మనుష్యులు త్రవ్వుటయే మేలు.

యంత్రము వచ్చుటతో పని వేగము హెచ్చినది. అయితే లెక్క కూడ మారినది. కొలత పోయి గంట వచ్చినది. గంట లెక్క తప్పు కాదు. కాని తన పనికి ఎంత మట్టి తీయవలసియున్నదో ఎరుగని గృహస్థునకు ఎన్ని గంటలు న్యాయమో తెలియదు. కాబట్టి గంటకు సొమ్ము చెల్లించినను, కొలత ముందుగా వేసికొనవలెను.

లెక్క వేయు విధము

నీటితొట్టికి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు గల గుంట కావలెననుకొందము. ఈ మూడింటిని హెచ్చవేయగా 840 ఘనపుటడుగులు వచ్చును. నేలలో బిగిసియున్న మట్టి బయటికి తీయగానే పొంగును. సాధారణమైన నేలలలో ఈ పొంగు సుమారు నాలుగవ వంతు. అనగా 840 ఘనపుటడుగుల గుంట నుండి సుమారు 1,050 ఘనపుటడుగుల వదులు మట్టి వచ్చును. దానిని తోలు ట్రాక్టరు ట్రక్కు లోపలి కొలత 10 అడుగుల పొడవు, 5½ అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అయినచో ఒక ట్రిప్పుకు 110 ఘనపుటడుగులు పట్టును. అంతయు బయటికి తోలించుటకు సుమారు 10 ట్రిప్పులు కావలెను. లెక్క తెలిసిన గృహస్థునకు 16 ట్రిప్పులని చెప్పినచో, ఎందుకని అడుగగలడు. ట్రక్కులన్నియు ఒకే కొలత గలవి కావు గనుక, వచ్చిన ట్రక్కును కొలిచి చూచుట అవసరము.

ఇక పునాది సంగతి. 30 అడుగులు, 24 అడుగులు గల ఇంటికి వెలుపలి గోడల పునాది మాత్రమే లెక్కించినచో, గోడల నడిమిగీత వెంబడి పొడవు 108 అడుగులు. 2½ అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతున త్రవ్వినచో 1,080 ఘనపుటడుగులు. యంత్రపు బక్కెట్టు 3 అడుగుల వెడల్పు గలదై, గీత చూడక త్రవ్వినచో అదే పునాది 1,296 ఘనపుటడుగులగును. నష్టము 216 ఘనపుటడుగుల మట్టితో పోదు. అడుగున అరయడుగు మందము కాంక్రీటు పరచునప్పుడు 135 ఘనపుటడుగులకు బదులు 162 ఘనపుటడుగుల కాంక్రీటు పట్టును. కనుక "మీ బక్కెట్టు వెడల్పెంత?" అని ముందుగనే అడుగవలెను.

లోతు మీరినచో మరియొక చిక్కు. ఎక్కువ త్రవ్విన చోట వదులు మట్టి పోసి దానిపై పునాది వేయరాదు. ఆ మట్టి తరువాత క్రుంగి గోడ బీటలు వారును. ఆ పల్లమును పలుచని పాళ్ళ కాంక్రీటుతో పూడ్చవలసివచ్చును. కాబట్టి చివరి అరయడుగు లోతును యంత్రముతో తీయింపక, మనుష్యులచే పారతో మట్టసముగా చెక్కించుట ఉత్తమము.

నేల గుణము

బేరమాడకముందే పనిచోట ఒక చిన్న పరీక్షగుంటను కావలసినంత లోతున త్రవ్వించి చూడవలెను. పైన ఎఱ్ఱమట్టి కనబడినను, క్రింద రాయి ఉండవచ్చును. ఈ సంగతి ముందు తేల్చుకొనకుండ గుత్తకు ఇచ్చినచో, సగము పనిలో గుత్తదారుడు "రాయి తగిలినది, ధర మార్చవలెను" అనును. అతని మాటయు అన్యాయము కాదు. రాయి పగులగొట్టుటకు యంత్రమునకు వేరు పనిముట్టు తగిలించవలెను. మెత్తని నేలకు ఒక ధర, మొరమునకు ఒక ధర, రాతికి ఒక ధర అని మొదటనే వ్రాసికొన్నచో ఉభయులకును మేలు.

నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు కుంచించుకొని బీటలిచ్చును. అట్టి నేలలో పునాది ఎంత లోతున ఉండవలెనో ఇంజనీరు నడిగి నిర్ణయించుకొనవలెను. త్రవ్వి తీసిన రేగడినే మరల పునాది లోపల పూడ్చుట తగదు. మొరము గాని, ఇసుక గాని తెప్పించి, పొరలు పొరలుగా పోసి, తడిపి దిమ్మిస చేయించవలెను. పెరటిలో మొక్కలు పెంచదలచినవారు పై అరయడుగు సారవంతమైన మట్టిని వేరుగా ప్రోగు చేయించి తరువాత పైన పరపించుకొనవలెను. మెరక తోలుటకు చెరువు మట్టి గాని, వాగు ఇసుక గాని అనుమతి లేక తీయరాదని గుత్తదారునకు పంచాయతీవారు స్పష్టముగా చెప్పవలెను.

ఎవరిని కుదుర్చుకొనవలెను

యంత్రము గలవారందరు ఒకే తీరున పనిచేయరు. ఇటీవల వారు పనిచేసిన రెండిండ్లకు పోయి చూచి, అచ్చటి గృహస్థుల నడుగుట మంచి పద్ధతి. ఇద్దరు ముగ్గురి వద్ద ధర తెలిసికొనవలెను. అందరికిని ఒకే కొలత, ఒకే పని చెప్పి అడిగినప్పుడే ఆ ధరలను పోల్చుటకు వీలగును. యంత్రము యజమాని ఒకరు, నడుపువాడు వేరొకరు అయినచో, నష్టము జరిగినప్పుడు జవాబు చెప్పువారెవరో ముందుగా తెలిసికొనవలెను. నడుపువానికి లైసెన్సును, యంత్రమునకు రిజిస్ట్రేషనును, చెల్లుబాటులో నున్న బీమాయు కలవో లేవో కాగితములు చూడవలెను. ఈ కాగితములు అడుగుట అపనమ్మకము కాదు. మంచి గుత్తదారుడు వానిని సంతోషముతో చూపును.

గంట లెక్కన ఇచ్చువారు నాలుగు విషయములు అడుగవలెను. యంత్రము వచ్చి పోవు కాలము లెక్కలో చేరునా? డీజిలు ఎవరిది? కనీసము ఇన్ని గంటలని నియమమున్నదా? యంత్రము చెడి ఆగినచో ఆ కాలమునకు సొమ్ము అడుగుదురా? యంత్రములో గంటల మీటరు ఉండును. పని మొదలిడునప్పుడును, ముగియునప్పుడును ఆ అంకెలను ఇద్దరి యెదుట వ్రాసికొన్నచో వాదము రాదు.

నేల క్రింద, నేల పైన

నేడు పల్లె వీధులలో నేల క్రింద ఎన్నియో ఉన్నవి. తెలంగాణలో మిషన్ భగీరథ గొట్టములు, దేశమంతట 2019లో మొదలైన జల జీవన్ మిషన్ క్రింద వేసిన గొట్టములు ఇండ్ల ముంగిళ్ళ వరకు వచ్చినవి. టెలిఫోను, ఇంటర్నెట్టు తీగలు వీధి పక్కన పోవుచున్నవి. ఒక్క బక్కెట్టు దెబ్బకు వీధికంతటికి నీరు ఆగిపోవును. పగిలిన గొట్టములోనికి మురుగునీరు చేరినచో, పదిమంది జబ్బు పడుదురు. కనుక త్రవ్వుటకు ముందు పంచాయతీ కార్యదర్శిని, నీటి సరఫరా చూచువానిని పిలిచి, గొట్టము పోవు దారిని సున్నముతో గీయించవలెను. ఆ గీతకు ఇరువైపుల యంత్రము ఆపి చేతితో త్రవ్వించవలెను. త్రవ్వకము జరుపువారు భూగర్భమునందలి తీగల, గొట్టముల యజమానులకు ముందుగా తెలియజేయుటకై కేంద్ర ప్రభుత్వము 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అను మొబైల్ యాప్‌ను ప్రారంభించినది. గుత్తదారులు దానిని వాడునట్లు సభ్యులు ప్రోత్సహింపవలెను.

నేలపై విద్యుత్తు తీగలున్న చోట మరింత జాగ్రత్త కావలెను. యంత్రపు చేయి పైకెత్తినప్పుడు తీగకు 10 అడుగులకంటె దగ్గరకు పోరాదు. అంత దూరము చాలనిచో, విద్యుత్తు సిబ్బందికి చెప్పి సరఫరా నిలిపించిన పిదపనే పని చేయించవలెను. తీగ క్రింద ఒక మనిషిని నిలిపి నడుపువానికి సైగ చేయించుట తప్పనిసరి.

పొరుగువాని హద్దు

నేల ఒకదాని నొకటి ఆనుకొని నిలుచును. ఒకడు తన స్థలములో హద్దు పక్కనే లోతుగా త్రవ్వినచో పొరుగువాని నేలకు ఆసరా పోవును. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము సహజస్థితిలో నున్న ప్రతి భూమికిని పక్క నేల ఇచ్చు ఈ ఆసరాను హక్కుగా గుర్తించినది. తన స్థలములో తానేమైనను చేసికొనవచ్చునను మాట ఇచ్చట చెల్లదు.

పాత మట్టిగోడను ఆనుకొని 6 అడుగుల గుంట త్రవ్వి, రాత్రి విడిచినారనుకొందము. ఆ రాత్రి వాన కురిసి గుంటలో నీరు నిలిచినచో, తెల్లవారుసరికి గోడ పునాది క్రింది మట్టి జారును. ఆ గోడ వారగా పండుకొన్నవారి ప్రాణములకే ముప్పు. కావున హద్దు పక్క త్రవ్వకమునకు ముందు పొరుగువానికి తెలియజేయవలెను. అతని గోడపై అంతకు ముందే ఉన్న బీటలను ఉభయుల యెదుట ఫోటోలు తీసి తేదీ వేసి ఉంచవలెను. కొద్ది కొద్ది పొడవున త్రవ్వి, వెనువెంటనే కట్టి పూడ్చుకొనుచు ముందుకు పోవలెను. వానకాలమునకు ముందే ఇట్టి పని ముగించుట మేలు. మరుగుదొడ్డి గుంట త్రవ్వువారు త్రాగునీటి బావికి 50 అడుగుల దూరమైనను పాటించుట క్షేమకరము.

గుంటలో దిగిన మనిషి

పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు గల మట్టి గడ్డ సుమారు ఒకటిన్నర టన్నుల బరువు తూగును. గుంట గోడ విరిగి పడినప్పుడు అందులోని మనిషి తల బయట నున్నను, రొమ్ముపై పడిన బరువు చేత ఊపిరి తీసికొనలేడు. పైనున్నవారు పార తెచ్చులోపలనే ప్రాణము పోవచ్చును. ఈ కారణముచే కేంద్ర ప్రజాపనుల శాఖవారి భద్రతా నియమములు కొన్ని కొలతలు విధించినవి. 5 అడుగులు, అనగా 1.5 మీటర్లు, అంతకు మించిన లోతు గల కందకమునకు గోడలను వాలుగా గాని, మెట్లుగా గాని కోయవలెను. వీలుకానిచో పలకలు, దుంగలు పెట్టి బిగించవలెను. త్రవ్విన మట్టిని అంచు నుండి 5 అడుగుల లోపల పోయరాదు. 4 అడుగులు దాటిన లోతున్నచో దిగి ఎక్కుటకు నిచ్చెన ఉండవలెను. గోడ అడుగును తొలిచి పైభాగమును కూల్చు పద్ధతి ఎంతమాత్రము పనికిరాదు. ఈ కొలతలు ప్రభుత్వపు పనుల కొరకు వ్రాసినవైనను, ఇంటి గుంటలోని కూలివాని ప్రాణము తక్కువది కాదు.

పాత మరుగుదొడ్డి గుంట త్రవ్వకములో బయటపడినచో అందులోనికి మనిషిని దింపరాదు. అందులోని విషవాయువు క్షణములో స్పృహ తప్పించును. అట్టి గుంటలను శుభ్రపరచుటకు రక్షణ సాధనములు లేక మనిషిని దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. పని ముగియని గుంట చుట్టును రాత్రివేళ కంచెయు, దీపమును ఉండవలెను. బోరుబావుల విషయమున సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశముల ప్రకారము, త్రవ్వుటకు కనీసము 15 దినములు ముందుగా యజమాని సర్పంచి మొదలగు స్థానికాధికారులకు వ్రాతమూలముగా తెలుపవలెను. పనికిరాని బోరును అడుగునుండి నేలమట్టము వరకు పూడ్పించవలెను. ఆడుకొను బిడ్డలకు తెరచిన గుంటయు, తెరచిన బోరును ఒకే విధమైన మృత్యుముఖములు.

ఒప్పందపు కాగితము

1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము నోటిమాట ఒప్పందము కూడ చెల్లును. కాని ఏ మాట అన్నారో ఋజువు చేయుట కష్టము. ఒక తెల్లకాగితముపై ఈ క్రింది విషయములు వ్రాసి, ఇద్దరు సాక్షుల యెదుట ఉభయులు సంతకములు చేసిన చాలును.

1. పని ఏది, ఎచ్చట. పొడవు, వెడల్పు, లోతు ఎంత.
2. ధర గంటకా, ఘనపుటడుగునకా, మొత్తము గుత్తకా; మొరము, రాయి తగిలినచో ధర ఎంత.
3. డీజిలు, రాకపోకలు, కనీస గంటలు ఎవరి లెక్క.
4. త్రవ్విన మట్టి ఎచ్చట పోయవలెను, పూడ్చుటకు ఎంత ఉంచవలెను, మిగిలినది ఎవరిది.
5. గొట్టము, తీగ, గోడ, వీధి చెడినచో బాగుచేయించువారెవరు.
6. కూలివారి రక్షణ ఏర్పాట్లు ఎవరివి.
7. పని మొదలు, ముగింపు తేదీలు.
8. బయానా ఎంత, మిగత సొమ్ము ఎప్పుడెప్పుడు.

సొమ్మంతయు ముందుగా ఇచ్చుట వివేకము కాదు. పని సగమైనప్పుడు కొంత ఇచ్చి, చివరి భాగమును గుంట కొలిచి, మట్టి తోలి, వీధి శుభ్రపరచిన తరువాత చెల్లించవలెను. అట్లే పని సరిగా ముగించిన గుత్తదారుని సొమ్ముకై తిప్పుటయు న్యాయము కాదు. అతనికిని కంతులు, నడుపువాని జీతము ఉన్నవి.

పంచాయతీ చేయదగినది

ఈ విషయమున పంచాయతీకి పెద్ద ఖర్చు లేదు. గ్రామములోని గొట్టములు, కాలువలు, తీగల దారిని చూపు ఒక పటమును కార్యాలయములో ఉంచవచ్చును. పై ఒప్పందపు నమూనాను అచ్చువేయించి, ఇంటి నిర్మాణమునకు అనుమతి కోరి వచ్చినవారికి ఒక ప్రతి ఇవ్వవచ్చును. మట్టిని వీధిలోను, మురుగుకాలువలోను పోయరాదని గ్రామసభలో తీర్మానించి దండోరా వేయించవచ్చును. 5 అడుగులకు మించిన గుంట త్రవ్వుచున్నారని తెలిసినప్పుడు వార్డు సభ్యుడు ఒకసారి పోయి, అంచున మట్టి ఉన్నదా, నిచ్చెన ఉన్నదా, రాత్రికి కంచె ఉన్నదా అని చూచి రావచ్చును. వడ్డెర పనివారు గ్రామములో ఉన్నచో, నేల గుణము, గోడ నిలకడ విషయమున వారి అనుభవమును అడుగుట లాభకరము. మట్టి ఎప్పుడు జారునో కంటితో చూచి చెప్పగలవారు వారిలో ఉన్నారు.

మీ వార్డులో ఈ నెలలో ఇల్లు మొదలిడువారెవరో మీకు తెలిసియే యుండును. యంత్రము వారి వాకిటికి రాకముందే మీరు వెళ్ళి, కొలబద్ద చేతికిచ్చి, కాగితము వ్రాయించుడు. ఆ పూట శ్రమ వలన ఒక తగవు తప్పును. ఒక్కొక్కసారి ఒక ప్రాణమును నిలుచును.